ఇరవై అంగలు

నా మొగుడు సంసోను పదకొండేళ్ళు విమానం కింద నిలబడ్డాడు. ఒక్కసారి కూడా దాన్ని సరిగ్గా చూడలేదు. ఈ మాట చెబితే కొత్తవాళ్ళు నమ్మరు. మా అశ్వారావుపేట టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు మాత్రం నమ్మేవాళ్ళు, నమ్మి కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ముందే చెప్పేస్తున్నా, నేనేదో మంచిదాన్నని ఎవరూ అనుకోవద్దు.

అతని పని జెండా పట్టడం. కోస్తా నుంచి వచ్చి ఇటు భూములు కొన్న పెద్ద రైతులు ఆ రోజుల్లో పత్తికి విమానంతో మందు కొట్టించేవాళ్ళు. ఎక్కడిదాకా కొట్టాడో, ఎక్కడ మిగిలిందో పైనున్న పైలట్‌కు తెలియదు. అందుకని చేనుకు ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు తెల్లజెండా పట్టుకుని నిలబడాలి. విమానం ఆ రెండు జెండాలను చూసుకుంటూ తిన్నగా వస్తుంది. నెత్తిమీద నుంచి దాటిపోగానే జెండా మనిషి కుడికి ఇరవై అంగలు వేసి మళ్ళీ నిలబడాలి. మళ్ళీ విమానం, మళ్ళీ ఇరవై అంగలు. చేను అయ్యేదాకా అదే పని.

దూరాన చుక్కలా వస్తున్నప్పుడు చూడొచ్చు. దగ్గరికొచ్చిందంటే మాత్రం తల దించుకోవాలి, ముఖానికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. మొదటి ఏడాది అవతలి చివర జెండా పట్టిన దేవ్లా ఆశ ఆపుకోలేక తలెత్తాడు. మందు కళ్ళల్లో పడింది. వారం రోజులు అతని భార్య చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆ సంగతి విన్న రోజే నేను పాత చీర చింపి, నాలుగు మడతలు వేసి కుట్టి, సంసోను మెడలో వేశాను.

"విమానం మీదికొచ్చినప్పుడు ముఖం మీద గుడ్డ లేదని తెలిసిందంటే ఇంట్లకు రానియ్య" అన్నాను.

పదకొండేళ్ళు, పత్తి కాలంలో ప్రతి పొద్దునా గుమ్మం దగ్గర ఇదే మాట. నా గొంతు చిన్నదేం కాదు, మేరీ మాత బొమ్మ ఉన్న వీధి చివరిదాకా వినపడుతుంది. ఆ గుడ్డను నేనే ఉతికేదాన్ని. రెండు నీళ్ళకు కూడా వాసన పోయేది కాదు.

అట్లా సంసోనుకు విమానమంటే నీడ. పత్తి చెట్ల మీద పాక్కుంటూ వచ్చి, అతని కాళ్ళ మీద నుంచి జారిపోయే నీడ. ఎడమ రెక్క చివర చిన్న సొట్ట ఉందని ఆ నీడను చూసే కనిపెట్టాడు. "దాని కడుపు ఎట్లుంటదో, చక్రాలు ఎన్నో, లోపల కూసున్నోడు కిందికి చూస్తడో లేదో" అని అన్నం తింటూ అడిగేవాడు. నేనేమన్నా పైలట్ పెళ్ళాన్నా, నాకేం తెలుసు? తినవయ్యా బాబూ అనేదాన్ని.

తర్వాత విమానాలతో మందు కొట్టడం మానేశారు. మానేసిన మూడో ఏట సంసోను కళ్ళు తగ్గడం మొదలైంది. ఎదురుగా పెద్దగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు. తలుపు ద్వారం కనిపిస్తుంది, తలుపు రెక్క తగులుతుంది. కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, నరం ఎండిపోతున్నదన్నాడు. మందు వల్లేనా అని అడిగితే అట్లా చెప్పలేమన్నాడు. చూపు క్రిస్మస్ దాకా ఉంటే గొప్పే అన్నాడు. ఎనభై నాలుగో సంవత్సరం, జనవరి నెల.

ఆ నెలాఖరునే జీపు మీద మైకు కట్టుకుని వచ్చారు. వేంసూరు దగ్గర, వెనకటికి మందు విమానాలు దిగిన మైదానంలో ఆదివారం విమానాల ప్రదర్శన, పాతకాలం కార్ల ఊరేగింపు, అందరూ రావాలి అని. సంసోను గోడ పట్టుకుని వీధిలోకొచ్చి, జీపు వెళ్ళిపోయేదాకా నిలబడ్డాడు.

"సంపూర్ణా, పోదామే. కండ్లు పోకముందు ఒక్కసారి నెత్తి మీదికెల్లి పోతుంటే మొకమెత్తి చూస్త. గంతే. ఇంకేం అడగ."

"ఆదివారం గుడి ఎగ్గొట్టి విమానం చూస్తవా? స్తెఫను ఫాదరుగారు అడిగితే ఏం చెప్పాలె?"

"ఆకాశం దిక్కే చూసినమని చెప్పు."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. అతనికి అలుసివ్వడం నాకిష్టం ఉండదు.

ఆదివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని లారీ ఎక్కాం. మైదానం నిండా జనం. ట్రాక్టర్ల మీద, ఎడ్లబండ్ల మీద ఎక్కి కూర్చున్నారు. అటు పక్క షామియానా, అందులో కుర్చీలు, కుర్చీల్లో పెద్ద రైతులు, వాళ్ళ ఆడవాళ్ళు. మా జనానికీ మైదానానికీ మధ్య తాడు కట్టారు. మైదానం చుట్టూ సున్నంతో రెండు గీతలు గీశారు, కార్లు తిరగడానికి. పద్నాలుగు పాతకార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదానికి మూత లేదు, ఒకదానికి బయట బూర ఉంది, అన్నిటికీ బంతిపూల దండలు వేశారు. సంసోను వాటివైపు చూడనన్నా చూడలేదు. తాడు పట్టుకుని, చెవి పైకి పెట్టి నిలబడ్డాడు.

మొదట ఎర్రటి చిన్న విమానం వచ్చింది. జనం హో అని అరిచారు. అది మైదానం మీదికి దిగి, మా నెత్తులకు తాటిచెట్టంత ఎత్తున వచ్చింది. అందరి తలలూ పైకి లేచాయి. ఒక్క సంసోను తల కిందికి దిగింది. పని పోయినా మెడలోంచి తీయని ఆ గుడ్డను ముఖం మీదికి లాక్కున్నాడు. విమానం దాటగానే కుడికి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. నాలుగో అంగకు ఒకామె టిఫిన్ క్యారియర్ తన్నాడు, ఆరో అంగకు ఒక ముసలాయన మీద పడ్డాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. మీసాలు రాని కుర్రాళ్ళు నలుగురు తలలు దించుకుని అతని వెనకే అంగలు వేశారు. నాకు ముఖం చెల్లలేదు. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను.

"విమానం దగ్గర గూడ తలకాయ దించుడేనా? గందుకు ఇంటికాడ నేనున్న గదా" అన్నాను, అందరికీ వినపడేట్టు. అందరూ ఇంకా నవ్వారు. మాట బాగా పేలిందని నాకు సంతోషం కూడా కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఎర్ర విమానం మళ్ళీ వచ్చింది. ఈసారి అతని గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తి పట్టుకున్నాను. ఎద్దు మెడంత బలంగా కిందికి లాగాడు. నేను వదల్లేదు. అప్పుడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చప్పుడు పోయాక తెరిచాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"నా మెడ నా మాట ఇంటలేదే" అన్నాడు.

ఈ నవ్వులన్నీ షామియానాలోకి వినపడ్డాయి. వెంకటరామారావు గారు లేచి తాడు దగ్గరికొచ్చారు. ప్రదర్శన పెట్టిన పెద్దల్లో ఆయనొకరు. సంసోను జెండా పట్టింది ఎక్కువగా ఆయన పత్తికే.

"ఏరా, సంసోనువు కదూ? ఇంకా అదే నడకా? ఇట్రా, ఇటొచ్చి మావాళ్ళకు చూపించు."

తాడు ఎత్తి లోపలికి పిలిచారు. నేనూ వెనకే వెళ్ళాను. షామియానా ముందు నిలబెట్టి, కర్రకు చేతిరుమాలు కట్టిచ్చి, జెండా పట్టమన్నారు. ఆయన తమ్ముడు వెంకటనారాయణ నోటితో విమానం చప్పుడు చేస్తూ చేతులు చాపి మీదికొచ్చాడు. సంసోను తల దించాడు. అంగలు వేశాడు. ఒక కుర్చీ తగిలి బోర్లా పడ్డాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మళ్ళీ చెయ్యమన్నారు, మళ్ళీ చేశాడు. వెంకటరామారావు గారి భార్య నిర్మలాదేవి గారు "పాపం, చాలించండి" అని ఒక కూల్‌డ్రింకు ఇప్పించారు. సంసోను దాన్ని తాగకుండా నాకిచ్చాడు. తీయగా, చల్లగా ఉంది. మొత్తం తాగాను.

"చివర్న మందు విమానం వస్తుందిరా" అన్నారు వెంకటరామారావు గారు. "మందెట్లా కొట్టేవాళ్ళో జనానికి చూపిస్తాం. కర్రకు జెండా కట్టి పాతుదామనుకున్నాం. నువ్వు నిలబడితే అచ్చంగా ఉంటుంది. నిలబడతావా?"

"మందు పోస్తరా అయ్యా?"

"జనం మీద మందేంట్రా పిచ్చోడా! ఒట్టి నీళ్ళు."

సంసోను నా వైపు తిరిగాడు. పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

"నీళ్ళేనంటనే! నీళ్ళయితే తలెత్తొచ్చు. సక్కగా నా మీదికెల్లే పోతది. దాన్ని నా కోసమే పంపుతున్నట్టు లేదూ?"

"అవ్, పంపుతరు, నువ్వు కలెక్టరువి మరి" అన్నాను. కానీ నాకూ ఆశ పుట్టింది. పదకొండేళ్ళు తిన్న విషానికి ఇదొక్కటన్నా దక్కనీ దేవుడా అనుకున్నాను. "ఇగో, ఈసారి తల దించినవంటే ఇంట్లకు రానియ్య" అని కూడా అన్నాను.

అతను మెడలో గుడ్డ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీకాడుంటే నా చెయ్యి దాన్ని ఎతకదు" అన్నాడు.

వెంకటరామారావు గారే అతన్ని మైదానంలోకి తీసుకెళ్ళి నిలబెట్టారు. "ఇక్కణ్ణుంచి కదలకు. రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ ఇక్కడే" అని గట్టిగా చెప్పారు. చెప్పలేదని నేననను. నేను విన్నాను, విని తాడు ఇవతలికొచ్చి నిలబడ్డాను. అయితే విమానం వచ్చే వేళకే కార్లు కూడా తిరగాలని, పైన అది, కింద ఇవి కలిసి చూడ్డానికి బాగుంటుందని ఎవరో అనుకున్నారు. ఆ మాట సంసోనుకు ఎవరూ చెప్పలేదు. అతని కుడి పక్కన సున్నం గీతలు ఎంత దూరంలో ఉన్నాయో నేను చూశాను. చూశాను గానీ అంగల్లో లెక్కవేయలేదు.

కార్లు బయల్దేరాయి. మూత లేని కారు ముందు నడుస్తున్నది, వెంకటనారాయణ నడుపుతూ ఒక చేత్తో జనానికి దండం పెడుతున్నాడు. తూర్పున మందు విమానం లేచింది. పసుప్పచ్చది, పొట్ట ఉబ్బుగా ఉంది. సంసోను జెండా ఎత్తాడు. తల కూడా ఎత్తాడు. దూరాన అది పెద్దదవుతుంటే అతని గడ్డం పైకి, ఇంకా పైకి లేస్తున్నది.

"చూడు! చూడు!" అని అరిచాను.

చప్పుడు మీదికొచ్చింది. సంసోను తల వాలిపోయింది.

చెయ్యి మెడ దగ్గరికి పోయింది. గుడ్డ లేదు. అరచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నీళ్ళు జల్లుగా పడ్డాయి, అతని చొక్కా తడిసింది, విమానం వెళ్ళిపోయింది. అతను కుడికి తిరిగాడు.

మైకులో మాట్లాడేవాడికి ఇంతకంటే మంచి వేడుక దొరకలేదు. "ఇగో, మన జెండా వీరుడు బయల్దేరిండు! లెక్కపెట్టుండ్రి! ఒకటి... రెండు... మూడు..." జనం అందుకున్నారు. వేలమంది గొంతులు. నాలుగు, అయిదు, ఆరు. పిల్లలు ఎగురుతూ చెబుతున్నారు. పది దాటింది. సంసోనుకు ఆ గోలంతా వినపడే ఉంటుంది. అంత గోలలో కారు చప్పుడెక్కడ వినపడుతుంది? పక్కన వచ్చేది అతనికి కనపడదు. పదిహేను. నేను తాడు కింద నుంచి దూరి పరుగెత్తుతున్నాను. పదహారు, పదిహేడు. వెంకటనారాయణ ఇటు జనం వైపు చూస్తున్నాడు.

పద్దెనిమిది అందరూ చెప్పారు. పందొమ్మిది కొందరే చెప్పారు.

మడ్‌గార్డు తుంటికి తగిలింది. సంసోను గాల్లోకి లేచి వెల్లకిలా పడ్డాడు. నేను వెళ్ళేసరికి ఎడమ కాలు ఉండకూడని తీరుగా పక్కకు తిరిగి ఉంది. వెంకటనారాయణ కారు దిగి, "నేను కాదు, వాడే వచ్చి పడ్డాడు, అందరూ చూశారు" అని ఎవరూ అడగకుండానే చెబుతున్నాడు. "చిన్న ప్రమాదం, ఎవరూ తాడు దాటి రావద్దు" అంటున్నాడు మైకువాడు.

నేను తల దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాను. సంసోనుకు స్పృహ ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, తిన్నగా పైకి చూస్తున్నాయి. నోట్లో మన్ను ఉంది, అయినా నవ్వుతున్నాడు. మొదట నాకర్థం కాలేదు.

"మళ్ళొస్తున్నదే" అన్నాడు. "ఇనపడుతున్నది. ఇగ తల ఎట్ల దించుత? దించుదామన్నా ఎనక భూమే ఉన్నది. పక్కకు జరుగు, అడ్డం రాకు."

నిజమే. పైలట్‌కు కింద జరిగింది తెలియదు. రెండోసారికి తిరిగి వస్తున్నాడు, జెండా పడి ఉన్న చోటికే, మా మీదికే. నేను పక్కకు జరిగాను. జరిగాననే అనుకుంటున్నాను. చప్పుడు పెరిగింది. మైదానం మీద నీడ పాక్కుంటూ రావడం చూశాను, ఎడమ రెక్క చివర సొట్ట. అదే విమానం. ఆ సొట్ట చూడగానే ఏమైందో, పత్తి వాసన, ఆ గుడ్డ వాసన, పదకొండేళ్ళ పొద్దుటి భయమంతా ఒక్కసారి నా గొంతులోకొచ్చింది. చేతిలో గుడ్డ ఉంది. దాన్ని సంసోను ముఖం మీద కప్పేశాను. కప్పి, మీద పడి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

కింద అతను పెనుగులాడాడు. తల అటూ ఇటూ కొట్టుకున్నాడు. గుడ్డలోంచి ఏదో అరిచాడు. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నెత్తిమీద ఆకాశం చిరిగినంత చప్పుడైంది, నా వీపు మీద చల్లగా నీళ్ళు పడ్డాయి. నేను కూడా కళ్ళు మూసుకున్నాను.

లేచి గుడ్డ తీసేసరికి ఆకాశంలో ఏమీ లేదు. దూరాన చింతతోపు పైన తోక మాత్రం చిన్నగా కనిపిస్తున్నది. అది కూడా సంసోనుకు కనపడే దూరం కాదు. అతను నన్ను చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఒట్టి నీళ్ళే గదనే, సంపూర్ణా" అన్నాడు.

పూలదండలు వేసిన కార్లు పద్నాలుగు అక్కడే ఉన్నాయి. వాటిలో సీట్లు పాడవుతాయని ట్రాక్టరు తొట్టిలో వేసి దవాఖానాకు పంపారు. పంపేముందు వెంకటరామారావు గారు వచ్చి, "కదలొద్దని చెప్పానా లేదా?" అని నన్నడిగారు. చెప్పారయ్యా అన్నాను. దారి పొడుగునా గతుకులు. సంసోను ఆకాశం వైపు ముఖం పెట్టి పడుకున్నాడు. కాకులు, గద్దలు తప్ప పైన ఏమీ పోలేదు.

కాలు వంకరగా అతుక్కుంది. కళ్ళు క్రిస్మస్ దాకా ఆగలేదు, దసరాకే పోయాయి. ఆ విమానం మళ్ళీ ఈ దిక్కు రాలేదు. దేవ్లా ఒకసారి చూడ్డానికొచ్చి, తను చూసిన ఒక్కసారిని ఒక గంటసేపు చెప్పాడు: కడుపు తెల్లగా ఉంటుందట, చక్రాలు రెండు ముందు, ఒకటి వెనక. సంసోను అంతా విని, "నువ్వు చూసినవు గద, మంచిదే" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. టీ కొట్టు దగ్గర ఇప్పుడు నా మీద చెప్పుకుని నవ్వుతారట. నవ్వనీ.

అతను సొంతంగా స్నానం చేయలేడు. పెరట్లో బండ మీద కూర్చోబెట్టి నేనే పోస్తాను. మొదటి చెంబుకే ముఖం పైకెత్తుతాడు. ఆ మెడ ఇప్పుడు వింటుంది, ఎంతసేపైనా ఎత్తే ఉంచుతాడు. నీళ్ళు కళ్ళల్లో పడతాయి, దించుకోవయ్యా అంటాను.

"పొయ్యవే. ఒట్టి నీళ్ళే గదా" అంటాడు.

మొదట్లో చెంబు విసిరేసి లోపలికి పోయేదాన్ని. ఇప్పుడు పోవడం లేదు. నిండా ముంచి, ఆ ఎత్తిన ముఖం మీద పోస్తున్నాను.